పాతది తెచ్చావా

పాడి వంతెన ఎక్కుతుండగా
ముల్లు ఎర్రగీత దాటింది.
బానెట్ ఎత్తితే
ఇడ్లీ పాత్ర మూత తీసినట్టే ఆవిరి,
వాసన మాత్రం తియ్యగా, దగ్గు మందులా.

మెకానిక్ నాలుగువేల ఐదొందలన్నాడు.
సరే అనబోయి
ఎందుకో, "వద్దులే, నేనే చూసుకుంటా" అన్నాను.
అన్నాక గుండె దడదడలాడింది.
ఇరవై రెండేళ్లుగా పిల్లలకి త్రిభుజాలు చెబుతున్నదాన్ని,
ఒక్క నట్టు విప్పి ఎరగను.

రెండో శనివారం, బడి లేదు.
విల్లివాక్కంలో మా అపార్ట్‌మెంటు కింద
పాత చీర పరుచుకుని కూర్చున్నాను.
రాత్రంతా ఇంజను చల్లారనిచ్చాను.
వేడి మీద మూత తియ్యకూడదన్నది
కుక్కర్ దగ్గర నేర్చిన పాఠమే.

అడుగు గొట్టం ఊడదీస్తే
బేసిన్‌లోకి దూకిన నీళ్లు
ఒకప్పుడు పచ్చన,
ఇప్పుడు తుప్పు కలిసి నిన్నటి చెరుకురసం.
రెండో అంతస్తు యాళిని, తొమ్మిదేళ్లది,
ఫోన్ టార్చి పట్టుకుని నిలబడింది.
వీధి కుక్క మూతి చాపింది.
తియ్యగా ఉంటుంది, తాగితే చచ్చిపోతుంది.
గబగబా బేసిన్ మీద పీట బోర్లించాం.

పై గొట్టం రానంది.
ఇన్నేళ్లూ ఇనుప మెడని పట్టుకుని పట్టుకుని
రబ్బరు దానికి చర్మమైపోయింది.
తిప్పాను. తిట్టాను.
చివరికి కూరల కత్తితో నిలువునా గాటు పెట్టి
పనసతొన ఒలిచినట్టు ఒలిచాను.

మూడోది ఒకటుందని నాకు తెలియదు.
ఇంజను వెనక, జానెడైనా లేదు,
చెయ్యి దూరని చోట.
దాని మీద క్లాంపు లేదు.
సైకిల్ ట్యూబు ముక్క మూడు చుట్లు,
పైన కట్టుతీగ.
తీగ కొసలు రెండూ మెలిపెట్టి
మళ్లీ లోపలికి వంచి ఉన్నాయి,
ఇంకెవరి వేలికీ గుచ్చుకోకుండా.

ఆర్‌సీ పుస్తకంలో నాకు ముందు మూడు పేర్లు.
అయనావరం ఆరోగ్యసామి,
ఆవడి షరీఫా బేగం,
మధ్యలో ఎవరో ట్రావెల్స్ వాళ్లు.
ఏ చెయ్యో.
ఏ రోడ్డు పక్కన, ఏ వానలో.

పుదుపేటలో కొట్టు ఆసామి
బండి పేరడగలేదు, సంవత్సరం అడగలేదు.
"పాతది తెచ్చావా?" అన్నాడు అరవంలో.
సంచీ బోర్లించాను.
ఒక్కోటీ చెవి దగ్గర పెట్టి నొక్కాడు.
అప్పడంలా చిటపటమన్నాయి.
పైకప్పుకి పొట్లకాయల్లా వేలాడుతున్న వాటిలోంచి
మూడు తెంపి నా ముందు పడేశాడు.
"వంపు కుదరాలమ్మా, పొడవుదేముంది, కోసుకోవచ్చు."
ఈ మాట సోమవారం తొమ్మిదో తరగతికి చెప్పాలి.

క్లాంపులు లెక్కపెడుతున్నప్పుడు
పెదాల లోపల
ఒకటీ, రెండూ, మూడూ అనుకుంటున్నాడు.
నేనేం అనలేదు.
నోట్లు తెలుగులోనే లెక్కపెట్టి ఇచ్చాను.
అతనూ ఏం అనలేదు.

"చెత్త ఇక్కడే వదిలెయ్."
రెండు వదిలాను.
తీగ కట్టు ఉన్నది మళ్లీ సంచీలో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున బిగింపు.
వదులైతే కారుతుంది,
మరీ బిగిస్తే పట్టీ రబ్బరులోకి దిగుతుంది.
ఎక్కడ ఆగాలో మణికట్టుకి తెలియాలట.
నా మణికట్టుకి సుద్దముక్క బరువు తప్ప తెలియదు.
ఒక గొట్టం అడుగున చుక్క మెరిసింది.
పావు తిప్పు.
ఇంకో చుక్క. ఇంకో పావు.
ఆగింది.

ఇంజను గొణుగుతూ ఉంది.
పై గొట్టం మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను.
చల్లగా, చల్లగా, ఇంకా చల్లగా,
ఉన్నట్టుండి వెచ్చన.
ఫ్యాను దానంతటదే తిరిగింది.
యాళిని చప్పట్లు కొట్టబోయి టార్చి పడేసింది.

బండి ఆపి, భోజనాలు చేసి వచ్చి,
వెనకున్న ఆ చిన్నగొట్టం క్లాంపు మళ్లీ వదులు చేశాను.
స్క్రూ తల కిందికి తిరిగి ఉంది.
పైకి తిప్పి, చెయ్యి అందేలా పెట్టి,
మొదట్నించీ బిగించాను.

"అది కారట్లేదుగా ఆంటీ, ఎందుకూ?"

"టార్చి సరిగ్గా పట్టు."